అత్తగారు నొక్కిన ‘వద్దు’

బడిలో ఆమెను అందరూ చుక్కల టీచర్ అంటారు. చూపులేని పిల్లలకు వేళ్లతో చదవడం నేర్పేది ఆమే, చుక్కలు ఉబికివచ్చేలా వాళ్ల పుస్తకాలు అచ్చువేసేదీ ఆమే. ఆమెకూ చూపు లేదు. ఉన్నవల్లా పదునైన చెవులు, అంతకంటే పదునైన నోరు.

ఆ అచ్చుయంత్రంతో ఒక్కటే పేచీ. దాన్ని నడిపే ప్రోగ్రాం డాస్ అనే పాతకాలపు కంప్యూటర్ సిస్టంలో తప్ప ఇంకెక్కడా పనిచేయదు. కంప్యూటర్‌లో డిస్కు చచ్చిపోయేసరికి యంత్రమూ మూలబడింది. బడి పెద్దసారు ఆ అదను కోసమే కాచుక్కూర్చున్నట్టు, "ఇంకెందుకు టీచరమ్మా ఈ ఇనుము? పిల్లలు పాఠాలు హాయిగా వింటారు. సోమవారం పాత సామాన్ల బండి వస్తోంది," అన్నాడు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"మీరు పేపరు చదువుతారా, వింటారా సార్? వింటూ కూర్చుంటే ఏ అక్షరానికి ఏ ఒత్తో వాళ్లకెలా తెలుస్తుంది? చూపు ఎటూ లేదు, చదువు కూడా లాగేస్తారా?"

పెద్దసారు గొంతు సవరించుకుని జారుకున్నాడు. బండిని మాత్రం రావద్దనలేదు.

చుక్కల టీచర్ ఊరుకునే రకమా? మరమ్మతు షాపులో వేరే డిస్కు బిగించి తెచ్చుకుంది. డాస్‌లాగే పనిచేసే కొత్త సిస్టం ఒకటి షాపతను సీడీలో పెట్టిచ్చాడు. అచ్చు ప్రోగ్రాం కూడా అందులోనే ఉంది. తెరమీది రాతను చదివి వినిపించే మాటలపెట్టె ఒకటి ఆమెకుంది కానీ, అది సిస్టం లేచాక గానీ నోరు విప్పదు. అందాకా ఎవరో ఒకరు కళ్లు అరువివ్వాలి. సెలవురోజు బడికి ఎవరొస్తారు? అత్తగారిని వెంటబెట్టుకొచ్చింది.

ఈ అత్తగారి సంగతి కాస్త చెప్పాలి. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే గుర్తుపడుతుంది, కలిపి చదవలేదు. ఎవరేమడిగినా ముందు ‘వద్దు’ అనడం ఆవిడ అలవాటు. కొడుకు చూపులేని పిల్లను చేసుకుంటానన్నప్పుడు చుట్టాలు మందగా వచ్చి, "ఈ సంబంధం మాన్పించమంటావా?" అని అడిగారు. ఆవిడ "వద్దు" అని వాళ్ల మొహానే తలుపేసింది. కోడలు ఆ ఇంట్లో కాలుపెట్టిందంటే ఆ ఒక్క మాట చలవే.

"చెప్పండత్తయ్యా."

"ఐ... ఎన్... ఎస్... టి..."

"ఇన్‌స్టాల్. తెలిసింది. కింద లైను."

అలా ఒకరు అక్షరాలు ఏరితే ఒకరు మాటలు కూర్చుకుంటూ పని నడిపించారు. ఫైళ్లు ఎక్కుతుండగా చుక్కల టీచర్ అచ్చు కాగితాల కోసం పక్కగదిలోకి వెళ్లింది. తిరిగొచ్చేసరికి పని ముగిసిందనీ, మళ్లీ ఆన్ చేయమనీ తెరమీద ఉన్నట్టు అత్తగారు చదివిన అక్షరాల్లో తేలింది. సీడీ తీసేసి ఆన్ చేసింది. కంప్యూటర్ గురగురలాడింది, ఒక్క కూత కూసింది, అంతే. మాటలపెట్టె ఉలకలేదు, పలకలేదు.

అత్తగారు అక్షరాలు చదివింది. డిస్కులో ఆపరేటింగ్ సిస్టమే లేదట!

"మరి ఇంతసేపూ ఎక్కించిందంతా ఏ గంగలో కలిసింది?" అంది కోడలు. పట్టువదలకుండా సీడీ పెట్టి లేపి, అత్తగారిచేత అక్షరాలు చదివించుకుంటూ డిస్కు వెతికింది. ఎక్కించిన ఫైళ్లన్నీ ఉన్నాయి. డిస్కులో ఏ భాగం నుంచి కంప్యూటర్ లేవాలో ఆ గుర్తూ ఉంది. దాన్ని లేపే ఫైళ్లే లేవు. ఇంటినిండా సామానుంది, తలుపు తీసే మనిషే లేడు. ఆ ఫైళ్లు పెట్టేముందు కంప్యూటర్ అడిగి తీరాలే అనుకుంది.

"అత్తయ్యా, నేను కాగితాలకు వెళ్లినప్పుడు ఇదేమైనా అడిగిందా?"

"అడిగింది. చివర వై, ఎన్ ఉన్నాయి. ఔనా కాదా అనేగా?"

"మీరేం నొక్కారు?"

"ఎన్. ఏమడుగుతోందో తెలియకుండా ఔనంటానా? నేనేమైనా వెర్రిదాన్నా?"

కోడలికి కోపం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ ‘వద్దు’ను తిట్టడానికి ఆమెకు మనసు రాలేదు. పైగా నవ్వొచ్చింది.

"డిస్కు దానంతటది లేచేలా చేయనా అని అడిగిందత్తయ్యా. మళ్లీ ఎక్కిస్తే మళ్లీ అడుగుతుంది. ఈ ఒక్కసారికీ ఔననండి."

"నువ్వే నొక్కు."

"కాదన్నది మీరు. ఔననాల్సిందీ మీరే."

సీడీలోంచి మళ్లీ ఎక్కిస్తుంటే ప్రశ్న మళ్లీ వచ్చింది. అత్తగారి వేలు మొరాయించింది. ఆవిడ గొణుక్కుంటూ, మీట విరుగుతుందేమో అన్నంత గట్టిగా వై నొక్కింది.

సీడీ తీసేశారు. గురగుర. కూత. మాటలపెట్టె ముక్కుతో మాట్లాడినట్టు "రెడీ" అంది. చుక్కల టీచర్ కాగితం పెట్టగానే యంత్రం గది అదిరేలా టకటకలాడింది. వచ్చిన పేజీ మీద వేళ్లు పరుగెత్తించింది. ఒత్తులతో సహా అన్నీ ఉన్నాయి. ఆమెకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

సోమవారం పెద్దసారు బండివాళ్లతో వచ్చేసరికి యంత్రం రెండో పాఠం అచ్చువేస్తోంది. గుమ్మంలో అత్తగారు కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆయన ఆ చప్పుడు విని తటపటాయించాడు. అయినా వచ్చిన బండిని ఏంచేయాలో తోచక, "పెద్దమ్మగారూ, తీసుకెళ్లమనమంటారా?" అని అడిగాడు.

అత్తగారు లోపలికి తిరిగింది. "అమ్మాయ్, ఇప్పుడేది నొక్కమంటావ్?"

"మీకు అలవాటైనదే అత్తయ్యా!"

ఆవిడ లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడి, ఆనాడు చుట్టాలతో అన్నంత గట్టిగా "వద్దు" అంది. బండి ఖాళీగా వెళ్లిపోయింది.