ముందు ప్లగ్గు పీకాలి

టీవీలు బాగుచేసే ఆ మనిషిని వీధిలో పెద్దా చిన్నా అందరూ టీవీ బాబాయి అనే పిలిచేవారు, వయసులో ఆయనకన్నా పెద్దవాళ్లు కూడా. వెనక డబ్బా ఉన్న టీవీల కాలంలో ఆయన దర్జా చూసి తీరాలి. గుమ్మంలో అడుగుపెట్టగానే కుర్చీ వేసేవారు. వెనక మూత విప్పి తల లోపల పెట్టాడంటే ఇల్లంతా ఊపిరి బిగబట్టేది. తర్వాత గోడకు అంటుకునే పలకల్లాంటి టీవీలు వచ్చాయి. అవి పాడైతే ఎవరూ బాగుచేయించరు, పారేస్తారు. దుకాణం మూతపడింది. స్క్రూడ్రైవర్లూ సోల్డరింగ్ ఐరనూ మీటరూ ఒక రేకు పెట్టెలో ఇంటికొచ్చాయి. వాటి వెనకే ఆయనా వచ్చాడు.

అప్పటినుంచి ఇల్లు నడిచేది భార్య పని మీదే. రోగుల గురించి డాక్టర్లు చెప్పి పంపే రికార్డింగులు విని టైపు చేయడం ఆమె ఉద్యోగం. పడకగది కిటికీ పక్కన బల్ల, చెవులకు హెడ్‌ఫోను, కాలి కింద రికార్డింగును ఆపే పెడలు. రోగుల వివరాలు గనక ఆఫీసువాళ్లు నమోదు చేసుకున్న ఇంటి కనెక్షన్ మీద తప్ప, ఫోను ఇంటర్నెట్ మీద పని చేయనివ్వరు. ఆ కనెక్షనేమో ఈమధ్య మాటిమాటికీ తెగిపోతోంది. సూపర్‌వైజరు మర్యాదగానే హెచ్చరించింది. "ఇంకొక్కసారి షిఫ్టు మధ్యలో మాయమైతే ఇక నా చేతుల్లో ఉండదమ్మా."

"ఇంటర్నెట్‌వాళ్లు చూశారు, లైను బాగానే ఉందట. రౌటరే పాతబడిపోయింది. కొత్తది తెచ్చుకుందామండీ," అంది ఆమె.

ఆ మాటలో తప్పేముంది? ఏమీ లేదు. కానీ ఆయనకు చెంప మీద కొట్టినట్టయింది.

"నేనుండగా కొత్తదెందుకు? కాస్త నలతగా ఉందని పారేస్తామా?" అన్నాడు.

ఆమె తమ్ముడు కంప్యూటర్ల పనిలో ఉన్నాడు. అతనే ఫోనులో దారి చూపించాడు. ఆ రౌటరు చేసిన కంపెనీ దాన్ని ఎప్పుడో గాలికొదిలేసింది. లోపల దాన్ని నడిపించే ప్రోగ్రాం, అదే ఫర్మ్‌వేర్, ముసలిదై తడబడుతోంది. దాన్ని తుడిచేసి ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ ఎక్కించొచ్చు. ఎక్కడెక్కడివాళ్లో కూడి రాసి, ఎవరైనా విప్పి చూసుకునేలా ఊరికే పంచిపెట్టేది అది. పారేయకుండా బాగుచేసుకునే మనుషులు లోకంలో ఇంకా మిగిలారని విని టీవీ బాబాయికి కళ్లు చెమర్చాయి. "మనవాళ్లేరా వాళ్లు," అన్నాడు.

ఇక అదే చదువు. రౌటరు అడుగున ఉన్న చీటీని భూతద్దంతో చూసి మోడలూ వెర్షనూ సరిచూశాడు. దానికి సరిపోయే ఫైలే దించాడు.

"పెళ్లికి ముందు నన్ను కూడా ఇంత పరీక్షగా చూడలేదు మీరు," అంది ఆమె.

"అప్పుడు భూతద్దం లేదు," అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ ఇంట్లో నవ్వు వినబడి చాలాకాలమే అయింది.

ఆమె షిఫ్టు సాయంత్రం. అందుకని మధ్యాహ్నం భోజనాలయ్యాక పనికి కూర్చున్నాడు.

"బావా, ఒక్క మాట," అన్నాడు బావమరిది ఫోనులో. "ఫైలు ఎక్కుతున్నంతసేపు లైట్లు వెలిగినా ఆరినా ముట్టుకోకు. మధ్యలో కరెంటు పోయిందా, పెట్టె చచ్చినట్టే."

"కరెంటు గురించి నాకు చెప్తున్నావుట్రా!"

భార్య కంప్యూటరుకు కేబులు కలిపి, ఫైలు ఎంచి, బటను నొక్కాడు. అలవాటుగా పెట్టె మీద అరచెయ్యి ఆనించాడు. వెచ్చగా ఉంది. ఉన్నట్టుండి లైట్లన్నీ ఆరిపోయి, ఒక్కటి మాత్రం గిలగిల కొట్టుకోవడం మొదలుపెట్టింది.

రౌటరు తన పని తాను చేసుకుంటోంది. ఆ సంగతి ఆయనకు తెలుసు. చేతికి తెలియదు. టీవీ డబ్బాలో వేల వోల్టులు కాపురముండే రోజుల్లో ఆ చెయ్యి నేర్చుకున్నది ఒకటే పాఠం. వేడెక్కి దీపం వణికిందంటే ముందు ప్లగ్గు పీకాలి, ఆలోచన తర్వాత. ఆ పాఠం ఎన్ని ఇళ్లను నిప్పు నుంచి కాపాడిందో! ఇప్పుడు కూడా చెయ్యి తన ధర్మం తాను చేసేసింది. చూసుకునేసరికి ప్లగ్గు ఆయన పిడికిట్లో ఉంది.

మళ్లీ పెట్టాడు. ఒక్క దీపమూ వెలగలేదు. బావమరిది చెప్పినట్టు వెనక ఉన్న రీసెట్ రంధ్రంలో పిన్ను గుచ్చి నొక్కిపట్టాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"నిద్రలేపే ప్రోగ్రామే చెరిగిపోయినట్టుంది బావా. లోపల తీగలు అతికించి లేపాలి. దానికి వేరే సామాను కావాలి. ఇవాళ అయ్యే పని కాదు."

అతికించడమే కదా అని రేకు పెట్టె తెరిచాడు, రౌటరు మూత విప్పాడు. లోపల భాగాలు ఆవగింజలకన్నా చిన్నవి. ఆయన ఐరను మొన వాటి పక్కన రోకలిలా ఉంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. పక్కింటివాడి గురించి చెప్పుకునేటప్పుడు భలే సామెత అది.

ఆమె వచ్చి బల్ల ముందు కూర్చుంది. "అయిందా అండీ?"

"అయిపోవచ్చింది."

నిజం చెప్పి ఉంటే వీధి చివరి దుకాణానికి పరుగెత్తి కొత్తది తెచ్చుకునేది. చెప్పలేకపోయాడు పిరికిమనిషి. ఆమె నమ్మి, హెడ్‌ఫోను పెట్టుకుని ఎదురుచూసింది. షిఫ్టు మొదలైపోయాక సూపర్‌వైజరే ఫోను చేసింది. "మీ పని వేరేవాళ్లకిచ్చేశారమ్మా. ఇక మీరు లాగిన్ కానక్కర్లేదు."

"సరేనండీ," అంది ఆమె. తీగ చుట్టి హెడ్‌ఫోను సొరుగులో పెట్టింది. తిట్టి ఉంటే ఆయన కాస్త తేలికపడేవాడు. "పోనీలెండి, కావాలని చేశారా," అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

కొత్త రౌటరు మర్నాడే వచ్చింది. ఇంటర్నెట్ కంపెనీ మనిషి చిటికెలో బిగించి వెళ్లాడు. దానికి అడ్డూ ఆపూ లేదు, దాని మీద చేయడానికి పనే లేదు. ఆమె రోజంతా ఉద్యోగాలు వెతుకుతూ కూర్చునేది. ఆయన రేకు పెట్టెను మంచం కిందకు తోసేసి, ఆ మంచం మీదే పడుకునేవాడు.

కొన్నాళ్లకు ఒక ఉదయం ముందుగదిలో ఫ్యాను కిర్రుకిర్రుమని ఆగిపోయింది. ఆయనకు ఆ చప్పుడుతోనే జబ్బేమిటో తెలిసిపోయింది. కళ్లు మూసుకుని బాగుచేయగలడు. భార్య పిలుస్తుందని లేచి కూర్చున్నాడు. చొక్కా కూడా తొడుక్కున్నాడు.

ముందుగదిలో ఆమె ఎవరితోనో ఫోనులో మాట్లాడుతోంది. ఆయనకు వినబడకూడదని గొంతు బాగా తగ్గించింది. కానీ ఇల్లు చిన్నది.

"ఫ్యాను ఆగిపోయిందండీ, ఎవరినైనా పంపిస్తారా?"

అవతలివాళ్లు ఏదో అడిగారు.

"లేరండీ," అంది ఆమె. "ఇంట్లో చూసేవాళ్లెవరూ లేరు."