రెండు సగం తుఫాన్లు

ఆఫీసులో ఆమెను పులి మేడమ్ అంటారు. ఎదురుగా కాదు, టీ గదిలో. కిందటేడు తుఫాను వస్తోందని రెండు రోజులు రేవు పనులు ఆపించింది. తుఫాను పక్కకు తిరిగి సముద్రంలోనే చల్లారిపోయింది. "నాన్నా పులి" కథ తెలియనివాళ్ళు లేరు కనుక ఆ పేరు అతికినట్టు సరిపోయింది.

రేవు వాతావరణ విభాగంలో అలల మోడల్ నడపడం ఆమె పని. గాలి ఎంత వేగంతో, ఎటు నుంచి, ఎంతసేపు వీస్తుందో చెబితే కంప్యూటరు సముద్రాన్ని గళ్ళుగా కోసి, ఏ గడిలో అల ఎంత ఎత్తు లేస్తుందో లెక్కకడుతుంది. పదకొండేళ్ళుగా ఇదే పని. అయినా లెక్క నడుస్తున్నంతసేపూ కుర్చీలో కుదురుగా కూర్చోలేదు. కాలు కాలిన పిల్లిలా కిటికీకీ ప్రింటరుకీ మధ్య తిరుగుతుంది. ఫలితం బాగున్న రోజున ఇంకా ఎక్కువ తిరుగుతుంది.

ఆ రోజు పదింటికి వచ్చిన ఫలితం బాగానే ఉంది. తుఫాను ఇంకా దూరంగానే ఉంది. రేవు గోడ దగ్గర సాయంత్రం దాకా అల మీటరున్నర దాటదు. అలకూ అలకూ మధ్య తొమ్మిది సెకన్లు. బయట ఎండ కాస్తోంది, జెండా గుడ్డ కర్రను వదలడం లేదు. సముద్రంలోకి చొచ్చుకుపోయిన ఆ గోడ కొసన ముప్పై ఎనిమిది మంది కాంక్రీటు దిమ్మెలు దింపుతున్నారు. తుఫాను వచ్చేలోగా అక్కడి గండి పూడ్చాలని ఇంజనీరు తొందర. క్రేన్ మీద కూర్చున్నది ఆమె భర్త.

పావు తక్కువ పదకొండుకు మామగారు ఫోన్ చేశారు. ఆయన ముప్పై ఏళ్ళు ఓడలను లాగే టగ్ బోటు నడిపే సరంగుగా చేసి రిటైరయ్యారు. ఇల్లు పట్టదు. రోజూ గట్టు మీద కూర్చుని చేతి గడియారం చూస్తూ అలలు లెక్కపెడతారు. కోడలి మోడల్‌లో తప్పులు పట్టడం ఆయన కాలక్షేపం.

"అమ్మాయ్, నీ జోస్యం చిలక ఇవాళ ఎన్ని సెకన్లంది?"

"తొమ్మిది, మామయ్యా."

"దానికి జాంపండు తక్కువైనట్టుంది. పది అలలకు రెండు నిమిషాల ఇరవై. మూడుసార్లు లెక్కపెట్టా."

అంటే అలకు పద్నాలుగు సెకన్లు. ఎత్తెంతని ఆమె అడిగింది. మోకాలి దాకా అన్నారు. ఆమెకు కంగారు ఎత్తు గురించి కాదు. ఎడం ఎక్కువున్న అలలు తుఫాను కన్నా ముందు పరుగెడతాయి. పద్నాలుగు సెకన్ల అల పుట్టాలంటే తను మోడల్‌కు ఇచ్చిన గాలి చాలదు. గాలైనా తప్పై ఉండాలి, ఆయన గడియారమైనా తప్పై ఉండాలి. ఆ గడియారం తప్పిన రోజు ఆమెకు గుర్తు లేదు.

గాలి వేగం చూపే పటాలు తెరిచి గంట గంటకూ చూసింది. అర్ధరాత్రి పటంలో తుఫాను ఒక్కటే, ఎర్రగా. ఉదయం ఆరింటి పటంలోనూ ఒక్కటే, రెండొందల కిలోమీటర్లు ఇవతల. మధ్యలో మూడింటి పటంలో మాత్రం రెండున్నాయి. రెండూ పాలిపోయి పసుపుగా ఉన్నాయి. గాలి వివరాలు ఆరు గంటలకోసారే వస్తాయి. మధ్య గంటలను కంప్యూటరు దీంట్లో సగం దాంట్లో సగం కలిపి నింపుకుంటుంది. నెమ్మదిగా నడిచే తుఫానుకు అది చెల్లుతుంది. ఇది పరుగెడుతోంది. దాన్ని జరపాల్సింది పోయి, కంప్యూటరు అక్కడ కాస్త చెరిపి ఇక్కడ కాస్త పూసింది. సముద్రం మీద ఒక్క తుఫాను, మోడల్లో రెండు సగం తుఫాన్లు. ఇలాంటప్పుడు ఆ పద్ధతి మార్చాల్సింది ఆమే. నిన్నటి హడావుడిలో మరిచిపోయింది.

మార్చి మళ్ళీ నడిపింది. లెక్క పూర్తవడానికి రెండు గంటలు పడుతుంది. ఇరుకైన గోడ మీది నుంచి మనుషులనూ లారీలనూ దింపడానికి గంటన్నర కావాలి.

ఫోన్ తీసి భర్త నంబరు నొక్కింది. కడుపులో నొప్పని చెబితే చాలు, దిగివచ్చేస్తాడు. పులి మాటే ఎత్తక్కర్లేదు. ఒకసారి మోగగానే కట్ చేసింది. ఒక్కడు దిగితే మిగతా ముప్పై ఏడు మంది అతనికోసం అక్కడే ఎదురుచూస్తూ కూర్చుంటారు.

ఇంజనీరుకు చేసి గోడ ఖాళీ చేయించమంది. కొత్త ఫలితం వచ్చిందా అని అడిగాడు. రాలేదంది. మరి దేన్ని చూసి చెబుతున్నారన్నాడు. చెప్పింది.

"మేడమ్, గదంత కంప్యూటరు మీటరున్నర అంటోంది. మీ మామగారి వాచీ మాట విని పని ఆపమంటారా?"

"కంప్యూటరు తప్పు కాదు సార్. నేనిచ్చిన గాలి తప్పు."

"ఆ తప్పు మీదని రాసిస్తారా?"

"రాస్తున్నాను."

పన్నెండుకు పది నిమిషాల ముందు హెచ్చరిక పంపింది. మూడు గంటలకల్లా మూడు మీటర్ల అలలు వస్తాయి, గోడ ఖాళీ చేయాలి, పొద్దుటి అంచనాలో పొరపాటు నాది. ఆ మూడు గంటలన్నది కూడా లెక్క కాదు. పాత తుఫాన్ల పట్టికలో వేలు పెట్టి దగ్గరగా ఉన్నదాన్ని పట్టుకుంది. తర్వాత కిటికీ దగ్గరికి, ప్రింటరు దగ్గరికి, మళ్ళీ కిటికీ దగ్గరికి.

ఒంటిగంట ఇరవైకి క్రేన్ గోడ దిగింది. ఆ వెనకే కొత్త ఫలితం వచ్చింది. మూడున్నర మీటర్లు, రెండు గంటలకు. సముద్రం అంతవరకూ కూడా ఆగలేదు. ఒంటిగంట యాభైకి, ఎండలోనే, ఆకు కూడా కదలనప్పుడే, మొదటి పెద్ద అల గోడెక్కింది. తినకుండా వదిలేసి వచ్చిన అన్నం క్యారేజీలనూ ఒక జనరేటరునూ తీసుకుపోయింది. మనుషులెవరూ దానికి దొరకలేదు.

సాయంత్రం ఇంజనీరు స్వయంగా వచ్చాడు. ఈసారి పులి నిజంగానే వచ్చిందన్నాడు. ఆమె నవ్వలేదు.

"మూడింటికన్నాను సార్. గంటకు పైనే ముందొచ్చింది. భోజనాలయ్యాక దింపుదామనుకుని ఉంటే?"

అతను ప్రింటరు పక్కన కుర్చీ లాక్కున్నాడు.

"అనుకున్నాను. మూడింటికి కదా, తినేసి దిగండన్నాను కూడా. అప్పటికే మీ ఆయన క్రేన్ చెయ్యి దించేసి దాన్ని వెనక్కి తోలుతున్నాడు. అది వస్తుంటే లారీలు గోడ దిగి దారివ్వక తప్పదుగా. ఎవరు చెప్పారయ్యా అంటే, మా ఆవిడ ఒక్క రింగిచ్చి కట్ చేసింది, పదకొండేళ్ళలో పనివేళ ఫోన్ చేసిన మనిషి కాదు, అన్నాడు."

తుఫాను ఇంకా తీరం చేరలేదు. రాత్రి లెక్కకు గాలి వివరాలు అప్పుడే వచ్చాయి. ఆమె గంట గంటకూ పటాలు తెరిచి, ప్రతి దాంట్లో తుఫాను ఒక్కటే ఉందా అని వేలు పెట్టి చూసుకుంది. ఉంది. రెండోసారి మొదటి నుంచీ చూసింది. అప్పుడు మామగారికి ఫోన్ చేసింది. ఆయనను గట్టు మీది నుంచి లేపేశారు, మేడ మీదున్నారు.

"ఇప్పుడెన్ని, మామయ్యా?"

"పదమూడు. నువ్వేమన్నా తిన్నావా, తిరుగుతూనే ఉన్నావా?"

"పది అలలూ లెక్కపెట్టారా?"

"ఆరే పెట్టా. చీకటి పడుతోంది."

"మిగతా నాలుగూ పెట్టండి," అని ఆమె ఫోన్ పట్టుకునే కిటికీ దగ్గరికి నడిచింది.