పదమూడు రాసిన రోజు

ఆ ప్రైవేటు స్కూల్లో నేను తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతున్న మూడో ఏడు అది. ఏటా ఫిబ్రవరి వస్తే మా టీచర్ల గుండెల్లో రాయి పడేది. వచ్చే ఏడు ఎవరిని ఉంచాలో, ఎవరిని తీసెయ్యాలో ప్రిన్సిపల్ గారు క్లాసులో కూర్చుని చూసి తేల్చేవారు. మా ఇంట్లో సంపాదన నాదొక్కటే. కొవ్వూరు నుంచి రోజూ వంతెన దాటి రాజమండ్రి వచ్చేదాన్ని.

ఆ రోజు ఆయన వెనక బెంచీలో కూర్చున్నారు. తలుపు మీద కెమెరా సరేసరి. లంబకోణ త్రిభుజంలో రెండు భుజాలిచ్చి మూడోది కనుక్కోమనే పాఠం. సూత్రం వచ్చినా రాకపోయినా "మూడు నాలుగు ఐదు, ఐదు పన్నెండు పదమూడు" అని ఎక్కాల్లా వల్లె వేయించాలని మా స్కూలు రూలు. వేయించింది నేనే.

కాస్త గొప్పకు పోయి, త్రిభుజాన్ని ఎప్పటిలా నిలబెట్టకుండా పెంకుటింటి కప్పులా గీశాను. లంబకోణం పైకి వచ్చింది. కింద పడుకున్న గీత, అంటే కర్ణం, పన్నెండు. ఒక వాలు ఐదు. రెండో వాలు ఎంత అని అడిగాను. "పదమూడు మేడం" అని క్లాసంతా ఒక్క గొంతుతో అంది. ప్రిన్సిపల్ గారు తల ఊపారు. ఆయన సబ్జెక్టు సోషల్ లెండి. నాకు ప్రాణం లేచొచ్చింది. పదమూడని రాసి కింద గీత కూడా కొట్టాను.

గీత కొట్టాక గాని తెలియలేదు. మూడు భుజాల్లోకీ కర్ణమే పెద్దది. అది పన్నెండైతే పక్క భుజం పదమూడెలా అవుతుంది? నూట నలభై నాలుగులోంచి ఇరవై ఐదు తీసేసి, నూట పంతొమ్మిదికి వర్గమూలం రాయాలి. మొదటి బెంచీ చివర కూర్చునే పిల్ల నోట్సులో పెన్సిలుతో సరిగ్గా అదే ఉంది. ఆ పిల్ల బోర్డును చూసింది, నన్ను చూసింది, వెనక్కి ఓసారి తిరిగి చూసింది. తర్వాత రబ్బరు తీసి తన లెక్క చెరపడం మొదలుపెట్టింది.

డస్టరు నా చేతిలోనే ఉంది. "ఆగమ్మా, నీదే రైటు" అనడానికి ఎంతసేపు పడుతుంది? ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ పదమూడుకు అడ్డంగా నిలబడి, గంట కొట్టేదాకా కదలకుండా పాఠం చెప్పాను. ఆయన లేచి బెంచీల మధ్య తిరుగుతూ నోట్సులు చూశారు. "రెస్పాన్స్ బాగుందండి" అన్నారు వెళ్తూ. నన్ను ఉంచుతున్నామని ఆ సాయంత్రమే చెప్పారు. సంతోషించాల్సిన మాటే. బస్సులో కూర్చున్నా రబ్బరు చప్పుడు చెవిలోంచి పోలేదు.

మర్నాడు టీచర్లందరికీ తెలిసిన పాత ఎత్తే వేశాను.

"నిన్న కావాలనే తప్పు రాశాను. ఒక్కళ్ళూ పట్టుకోలేదేంటర్రా?"

పిల్లలు నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు.

గంట కొట్టాక దగ్గరికి పిలిచాను. "నీది రైటే కదమ్మా, ఎందుకు చెరిపేశావు?" తనే పొరబడ్డాననుకున్నానని ఆ పిల్ల అంటే నా తప్పు కొంత తేలికవుతుందని ఆశ.

"సార్ నోట్సులు చూస్తారు కదండీ," అంది నెమ్మదిగా. "నాదొక్కదాన్లోనే వేరేగా ఉంటే మీకు మాటొస్తుందనండి."

ఆ పిల్ల నోట్సు తెరిచి, చెరిపి చెరిపి పల్చబడ్డ చోట వేలు పెట్టింది.

"ఇప్పుడు రాసుకోవచ్చాండీ?" అని అడిగింది.