లాల్‌సింగ్ నోటి మాట

జగదీష్ ఏన్కూరులో ఒక బడిలో కంప్యూటర్ ఆపరేటర్. ఎవరైనా పాత ల్యాప్‌టాప్ పారేస్తే చాలు, తెచ్చుకుని లినక్స్ ఎక్కించి ప్రాణం పోసేదాకా వదలడు. అంతటి మొనగాడూ ఇంటి పని దగ్గరికొచ్చేసరికి తడబడ్డాడు.

ఆరోజు తమ తండాలో చెల్లెలు సరళ సంబంధం ఖాయం చేసుకోవాలి. పిల్ల తండ్రి పెద్దల ముందు "పిల్లనిచ్చిన" అని పైకి చెప్పాకే అక్కడ బెల్లం పంచుతారు. తండ్రి లాల్‌సింగ్ రిటైరైన బస్సు కండక్టర్. గొంతులో పుండు లేచి ఆపరేషన్ అయ్యాక, నాలుగు నెలలుగా ఆయనకు మాట లేదు. ముందురోజు ఆయన రాసిస్తానని సైగ చేస్తే, తండా పెద్ద నాయక్ బిచ్యా ఒప్పుకోలేదు.

"కాగితం గాదు, మాట ఇనపడాలె. లేకుంటే పిల్ల మేనమామ చెప్తడు" అన్నాడు.

లాల్‌సింగ్ ఆ పూట అన్నం ముట్టలేదు. అది చూసి జగదీష్‌కు ఒక ఉపాయం తట్టింది.

టైపు చేసిన తెలుగును పైకి చదివే ప్రోగ్రామ్ కోడ్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు. దాన్ని కంపైల్ చేస్తేనే, అంటే కంప్యూటర్ భాషలోకి మారిస్తేనే, పని చేస్తుంది. చుట్టాలు పదకొండింటికి వస్తారనగా కూర్చుని 'మేక్' అని కొట్టాడు. అలాంటి కమాండే లేదంది స్క్రీను. ఫైళ్లన్నిటినీ వరసపెట్టి కంపైల్ చేయించే మేస్త్రీ ఆ 'మేక్'. పెళ్లివారికి పంపే సరళ ఫొటోలకు జాగా చాలక, మొన్న తనే తీసిపారేశాడు. మళ్లీ తెచ్చుకుందామంటే గాలివానకు సెల్ టవర్ పడకేసి నెట్ లేదు.

"ఏందన్నా, గట్ల చెమటలు పట్టినయ్?" అంది సరళ.

"ఏం లేదు. నువ్వు జల్దీ తయారుగా."

అదృష్టం కొద్దీ అసలు పని చేసే కంపైలర్ మిగిలింది. మేస్త్రీ రాకపోతే కూలీ పని ఆగుతుందా? మేస్త్రీ కోసం రాసిన పనుల ఫైలు తెరిచి, ఒక్కో కమాండూ తనే కొట్టసాగాడు. మొత్తం ముప్పై ఒక్క ఫైళ్లు. తీరా అన్నీ కలిపితే, ఏదో దొరకలేదంటూ ఆగిపోయింది. లెక్కపెడితే కంపైలైనవి ముప్పయ్యే ఉన్నాయి. బయట జీపు ఆగిన చప్పుడు. మరిచిన ఫైలు కంపైల్ చేసి, మళ్లీ కలిపాడు. ఈసారి స్క్రీను ఏ తప్పూ చూపలేదు.

పందిట్లో బిచ్యా అడిగాడు. "లాల్‌సింగ్, పిల్లనిస్తున్నవా?"

ముసలాయన ఒళ్లో పెట్టిన ల్యాప్‌టాప్ మీద ఒక్కో అక్షరం వెతికి కొడుతున్నాడు. అంత చిన్న మాటకు ఇంతసేపా అని జగదీష్ ఉగ్గబట్టుకుని నిలుచున్నాడు. ల్యాప్‌టాప్ గరగరమంటూ పలికింది.

"సరళా, నీకు ఇష్టమేనా బిడ్డా?"

జగదీష్‌కు తల కొట్టేసినట్టయింది. ఫొటోలు పంపాడు, పందిరి వేయించాడు, ఒక్క ఫైలు తప్పిపోతే వెతికి పట్టుకున్నాడు. ఈ ఒక్క మాట మాత్రం అడగలేదు.

"ఇప్పటిదాక నన్నెవరూ అడగలే నాయినా" అని సరళ ఏడ్చేసింది. "నాకు కొంచెం టైం గావాలె."

బిచ్యా బెల్లం పళ్లెం మీద గుడ్డ కప్పి పక్కన పెట్టాడు.