కాళ్ళు చూసే అవ్వ

నాకు ఒకచోట కూర్చోవడం చేతకాదు. డెబ్బై దాటాక కూడా చాట చేతబట్టుకుని ఇంట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి ఇంట్లోకి తిరుగుతూనే బియ్యం చెరుగుతాను. చిన్నప్పుడు మా నాయన నన్ను కాలుగాలిన పిల్లి అనేవాడు. అలాంటిదాన్ని ఒక వేసవిలో నెలన్నర మంచం మీద, ఆ పై వేసవి రెండు నెలలు ఒక రాతి మెట్టు మీద కదలకుండా కూర్చున్నాను. మంచం సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. మెట్టు మీద ఎందుకు కూర్చున్నానో ఒక్క మనిషికే తెలుసు, ఆమె పోయి చాలా కాలమైంది.

మా పుట్టిల్లు గిద్దలూరు పక్కన, అప్పట్లో అది కర్నూలు జిల్లా. మెట్టింది కనిగిరికీ హనుమంతునిపాడుకీ నడుమ ఒక గొర్రెల ఊరు, అది నెల్లూరు జిల్లా. రెండూ మద్రాసు సర్కారు కిందివే, రెండింటినీ వాన ఒక్కలాగే మరిచిపోయేది. మా పుట్టింటి దగ్గర గిలక బావి ఉండేది. అత్తగారి ఊళ్ళో దిగుడు బావి. మెట్లు దిగి, పిక్కల లోతు నీళ్ళలో నిలబడి, కుండ ముంచుకుని పైకి రావాలి. కాపురానికి వెళ్ళిన మర్నాడు పొద్దున్నే మా అత్త నా చంకకు కుండ అందించి ఆ బావి చూపించింది.

నీళ్ళకు నాలుగు మెట్లు పైన ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. దూది ఏకే ఇంటి అవ్వ. మసీదుకు పోయే కుటుంబమే అయినా వాళ్ళింట్లో మాట తెలుగే. నన్ను చూసి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు పిల్లా. కాళ్ళు చూపించు."

కొత్త కోడలి మెట్టెల బరువు చూస్తోందనుకున్నాను. అరికాలి మంట నెత్తికెక్కింది.

"మా నాయన వెండివే చేయించినాడు, సత్తువి కావు" అన్నాను.

వెనక ఉన్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. అవ్వ నవ్వలేదు. "నీ మెట్టెలు నేనేం జేసుకోనే? పుండేమన్నా ఉందేమో చూస్తా. కుచ్చెళ్ళు పైకి పట్టు. ఆ మడమ తిప్పు" అంది. ఊరందరి ముందూ సంతలో ఎద్దును తిప్పినట్టు నన్ను తిప్పి చూసి, "పో" అంది. ఆ రోజంతా మా అత్తతో ఆ ముసలమ్మను తిడుతూనే ఉన్నాను.

ఆ వైపు ఊళ్ళలో అప్పుడు నారికురుపు ఉండేది. ఇప్పటివాళ్ళకు తెలియదు, తెలియకపోవడమే మంచిది. కాలి మీద నిప్పు పడ్డట్టు ఒక బొబ్బ లేస్తుంది, అది పగిలి అందులోంచి తెల్లటి దారం లాంటి పురుగు తల బయటపెడుతుంది. మూరెడు, ఒక్కోసారి రెండు మూరలు. దాన్ని చీపురుపుల్లకు చుట్టి, రోజుకు అర చుట్టు చొప్పున ఓపికగా లాగాలి. తెగిందా, కాలు కుళ్ళుతుంది. అవ్వ పెనిమిటికి మోకాలి దగ్గర తెగి, ఆ కాలు మళ్ళీ మడత పడలేదు. గొంతుకూర్చుని దూది ఏకే మనిషి. ఆయన దూది ఏకే విల్లు ఆనాటి నుంచి గోడకు వేలాడుతూనే ఉండేదట.

పెనిమిటి కాలు చూస్తూ అవ్వ ఆలోచించింది. ఊరి బయట పేటవాళ్ళను ఈ బావి మెట్లు దిగనిచ్చేవాళ్ళు కాదు. వాళ్ళు వాగులో ఇసుక తోడి, చెలమలో ఊరిన నీళ్ళు తాగేవాళ్ళు. మరి వాళ్ళకు నారికురుపు రాదేం? మంచి బావి మాది, కురుపూ మాదే. ఇది అవ్వకే తట్టింది, మా పెద్దమనుషులెవరికీ తట్టలేదు. తట్టినా నోరు విప్పి ఉండరు. ఆ తర్వాత తాలూకా నుంచి ఒక ఆరోగ్యశాఖ ఆయన వచ్చి, పుండు కాలితో నీళ్ళలో దిగితే పురుగు విత్తు నీళ్ళలో పడుతుందనీ, ఆ నీళ్ళు తాగినవాళ్ళకు సరిగ్గా ఏడాదికి కాలు పగులుతుందనీ చెప్పి, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. ఊరు ఆ మాట అక్కడే వదిలేసింది. అవ్వ మాత్రం మర్నాటి నుంచి మెట్టు మీద కూర్చుంది. పొద్దున నీళ్ళ వేళంతా, మళ్ళీ సాయంత్రం.

పెద్దింటి ఆడవాళ్ళు మొదట్లో గొడవ చేశారు. "మీ నీళ్ళు ముట్టను, మీ కుండలు ముట్టను. కాళ్ళు మాత్రం చూస్తా" అందట అవ్వ. పుండు ఉన్నవాళ్ళను పైనే నిలబెట్టి, వాళ్ళ కుండ వాళ్ళ కులపువాళ్ళ చేతే ముంచి ఇప్పించేది. తన కుండ అందరి తర్వాత, చిట్టచివర ముంచుకునేది. దీనికి ఆమెకు ఎవరూ గుప్పెడు సజ్జలు పెట్టింది లేదు. పైగా బూతులు. ఒకామె దారిలో దుమ్మెత్తి పోసింది. అవ్వ ఆ దుమ్ము దులుపుకుని, ఆమె కాళ్ళు కూడా చూసి పంపింది.

నేను వెళ్ళింది ఆమె కూర్చోవడం మొదలుపెట్టిన కొత్తల్లోనే. రెండో వేసవి వచ్చేసరికి ఊళ్ళో కొన్ని కాళ్ళే పగిలాయి. అవ్వ ముఖం వెలిగిపోతుండేది. "ఈ ఏడు ఒక్క పుండు కాలు నీళ్ళలో పడకపోతే సాలు. పై ఏటికి మనూళ్ళో ఈ పీడే ఉండదు" అని వచ్చిన ప్రతి మనిషికీ చెప్పేది.

ఆ వేసవిలోనే నా కుడి చీలమండ పక్కన బొబ్బ లేచింది.

నా మొగుడు గొర్రెలను తోలుకుని నల్లమల వైపు వెళ్ళి ఉన్నాడు. మా అత్తకు నడుం నొప్పి. నీళ్ళకు పోవడానికి ఇంట్లో వేరే మనిషి లేరు. ఇవి సాకులు, అసలు సంగతి వేరే. నన్ను పుట్టింటికి తీసుకుపోవడానికి మా అన్న మూడు నాలుగు రోజుల్లో బండి కట్టుకుని వస్తున్నాడు. ఏడాది పైన అయింది నేను మా నాయనను చూసి. నారికురుపని తెలిస్తే మా అత్త బండి ఎక్కనివ్వదు. ఊరికి పోవాలి, పోవాలి, పోవాలి. నా ఒంట్లో ఆ వారమంతా వేరే మాట లేదు. బొబ్బకు పాతగుడ్డ చుట్టి, ముల్లు గుచ్చుకుందని ఇంట్లో చెప్పి, కుండ ఎత్తుకున్నాను.

"ఏంది ఆ గుడ్డ?" అంది అవ్వ.

"ముల్లవ్వా. తుమ్మముల్లు."

"విప్పు."

"ఇప్పుడే పసుపు పెట్టి కట్టినా. మా నాయన మీద ఒట్టు, ముల్లే."

వెనక నుంచి తొందర పెడుతున్నారు, ఎండెక్కుతోందని. అవ్వ నా ముఖంలోకి చూసింది. నాయన పేరు ఎత్తేసరికి నా కళ్ళలో నీళ్ళు తిరిగిన మాట నిజమే. అది చూసి చెయ్యి తీసేసింది.

నీళ్ళలో కాలు పెట్టాను. బొబ్బ మంట ఒక్కసారి చల్లారింది. ఆహా అనిపించి అలాగే నిలబడ్డాను. అప్పుడు చూశాను. గుడ్డ సందులోంచి బియ్యం కడుగు లాంటి తెల్లటిది కొంచెం బయటికొచ్చి, నా పిక్క చుట్టూ తిరిగి, నీళ్ళలో కలిసిపోయింది. ఏమిటది అని అనుకోలేదు. నాకు తెలుసు. కుండ ముంచుకుని, తల వంచుకుని, అవ్వ పక్కనుంచే పైకి వచ్చాను.

ఆ మధ్యాహ్నమే గుడ్డ విప్పితే పురుగు తల కనిపించింది. రోజుకు అర చుట్టు అంటే నెల పడుతుంది, బండి మూడు రోజుల్లో వస్తుంది. పళ్ళు బిగించి లాగాను. తెగింది. తెల్లారేసరికి కాలు మోకాలి దాకా రోకలి బండలా వాచింది. మా అన్న వచ్చి, గుమ్మంలో నిలబడి, నా కాలు చూసి, ఖాళీ బండితో వెనక్కి పోయాడు. ఆ బండి చప్పుడు వినబడినంతసేపూ మంచం పట్టె కొరుక్కుంటూ ఏడ్చాను.

నన్ను బతికించింది అవ్వ. పొద్దుటి నీళ్ళ వేళ అయిపోగానే వచ్చేది. వేడినీళ్ళతో కడిగి, చీము పిండి, ఆముదంలో తడిపిన దూది పెట్టి కట్టేది. కడిగిన నీళ్ళు తానే మోసుకుపోయి బావికి దూరంగా, ఎండిన చేలో పోసి వచ్చేది. "కదలబాకే" అనేది. నేను కదిలేదాన్ని. "రాయిలాగా పడుండు" అనేది. ఒంట్లో నెత్తురంతా లేచి పరుగెత్తమంటుంటే రాయిలాగా ఎలా ఉంటాను? ఇక నా ఒట్టు మాట ఆమె ఒక్కసారి కూడా ఎత్తలేదు. ముల్లు దిగిన చోటే కురుపు లేచిందని మా అత్త అంటే, ఊ కొట్టింది. రోజూ ఆమె వచ్చినప్పుడు ఇవాళ చెప్పేద్దాం అనుకునేదాన్ని. ఆమె వెళ్ళాక, రేపు చెబుదాం అనుకునేదాన్ని. నెలన్నర అలాగే గడిచింది. నేను లేచి తిరిగాను. మా నాయనను చూసి కూడా వచ్చాను.

పై ఏడు వేసవి దగ్గర పడేకొద్దీ నాకు అన్నం సహించలేదు. నీళ్ళకు పోతే ప్రతివాళ్ళ కాళ్ళకేసి చూసేదాన్ని. మొదట మా పక్కింటి వదినకు లేచింది. తర్వాత ఆమె బిడ్డకు. తర్వాత కుమ్మరాయనకు. "ఇదెట్లొచ్చింది? ఒక్క కాలు కూడా పోనియ్యలేదే నేను" అని అవ్వ మెట్టు మీద తనలో తానే గొణుక్కునేది. ఆ గొణుగుడు వినలేక నేను కుండ సగం నింపుకుని పారిపోయి వచ్చేదాన్ని.

ఒకరోజు పొద్దున అవ్వ మెట్టు మీద లేదు. బావి పైన, గట్టు రాతి మీద కూర్చుని ఉంది. చేతిలో కర్ర. ఎడమ పాదం ముందుకు చాపి, వచ్చిన ప్రతివాళ్ళకూ చూపిస్తోంది. పాదం మీద బొబ్బ.

"ముందు నాది చూడండి. నేను దిగను. నా కుండ ఎవరన్నా ముంచి ఇయ్యండి" అంటోంది.

కొందరు నవ్వుకుంటూ దిగిపోయారు. ఒకరి కాలికి గుడ్డ ఉంది. కింద చూసేవాళ్ళు లేరు. అవ్వ పైనుంచి అరుస్తోంది, ఎవరూ ఆగడం లేదు. నేను కుండ కింద పెట్టి ఆమె ముందు కూలబడ్డాను.

"అవ్వా, పోయినేడు ఒట్టేసినా గదా ముల్లని. ముల్లు గాదు."

అవ్వ చాపిన పాదం వెనక్కి తీసుకుంది.

"నీళ్ళలో తెల్లగా వచ్చిందా?"

"వచ్చింది."

"చూసినావా?"

"చూసినా."

కర్ర ఎత్తింది. కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. కర్ర దించేసింది. "నెలన్నర నీ కాలు కడిగినా గదే. ఒక్క పొద్దన్నా చెప్పబుద్ధి కాలేదా నీకు?"

"భయమేసింది."

"నాకు భయం లేదనుకున్నావా, ఊరంతా తిడుతుంటే?" అంది. "తప్పు నాది గూడా ఉందిలే. కాలు చూడాల్సినదాన్ని మొహం చూసినా." కర్రతో కిందికి చూపించింది. "పో. ఆ మెట్టు మీద కూచో. నీళ్ళు ముట్టబాక, కుండలు ముట్టబాక. కాళ్ళు చూడు. లేచినావో, ఈ కర్ర నీ వీపు మీదే."

క్షమించానని అనలేదు. తర్వాత కూడా ఎన్నడూ అనలేదు.

కూర్చున్నాను. మొదటి రోజే నా నడుం విరిగింది, మనసు నాలుగు దిక్కులా పరుగెత్తింది. "గొర్రెల గిట్టలు చూసే ఇంట్లో మనుషుల గిట్టలు చూసే కోడలు పడింది" అని మా అత్త వీధంతా చెప్పుకుంది. అవ్వ పడ్డ తిట్లన్నీ నేనూ పడ్డాను. నేను పుట్టు నోటిదురుసుదాన్ని కనక వడ్డీతో సహా తిరిగి ఇచ్చాను కూడా. అవ్వ పైనుంచి కర్ర తాటించేది, నోరు కాదు కళ్ళు వాడమని.

వారం తిరిగాక ఒక పిల్ల వచ్చింది. చంద్రశేఖరపురం వైపు నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల, కాళ్ళ పసుపు ఇంకా పోలేదు. ఎడమ మడమకు గుడ్డ.

"ఏందమ్మాయ్ అది?"

"ముల్లక్కా. మా నాయన మీద ఒట్టు."

పిల్ల కళ్ళలో నీళ్ళు. వెనక నుంచి తొందర. ఎండెక్కుతోంది.

"మీ నాయన మీద ఒట్టొద్దు తల్లీ. ఆయనను సల్లగా ఉండనీ. కాలియ్యి."

పిల్ల పాదం నా ఒళ్ళో పెట్టుకుని గుడ్డ విప్పాను. పసుపు తడి. గోటితో చుట్టూ నొక్కి చూశాను. లోపల నల్లగా, చిన్నగా, తుమ్మముల్లు మొన. గట్టు పైనుంచి అవ్వ కర్ర రాతి మీద టకటకమంది.

"ఏందే అది?"

"ముల్లేనవ్వా."

"చూసినావా?"

"చూసినానవ్వా" అన్నాను.