పక్క సీటు తీయించాలా వద్దా: అంతర్వేది దాకా ఒక రోజు

నా బండిలో డ్రైవరు పక్క సీటు తీయించెయ్యాలా, ఉంచాలా అన్నది తేల్చుకోవడానికి బయల్దేరిన ప్రయాణం ఇది. వినడానికి నవ్వులాటగా ఉంటుంది గానీ, ఆ వారం నాకు అంతకంటే పెద్ద సమస్య లేదు. రాజమండ్రిలో ఒక జూనియర్ కాలేజీలో చాలా ఏళ్ళు జువాలజీ చెప్పి ఈ మధ్యే మానేశాను. ఒంటరిదాన్ని. పెళ్ళెందుకు చేసుకోలేదన్న కథ ఇక్కడ అనవసరం. మా చర్చి క్వాయర్‌లో నాతో పాటు పాడే నలుగురు ఆడవాళ్ళు, నేను కలిసి కోనసీమంతా తిరగాలని, ప్రాక్టీసు అయ్యాక టీ తాగుతూ ఏళ్ళ తరబడి అనుకునేవాళ్ళం. ఆ మాటలు నమ్మి ఐదుగురు పట్టే సెకండ్ హ్యాండ్ ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొన్నాను. మా వైపు మనుషులకు ‘రాను’ అనడం రాదు. ‘తప్పకుండా వస్తామండి’ అంటారు, మరీ ఇబ్బందైతే ‘చూద్దాం లెండి’ అంటారు. ఇక్కడే పుట్టి పెరిగిన నేనే ఆ సంగతి మరిచిపోయాను.

బండి కొన్నాక దానికి సోకులు చేయించడం మొదలుపెట్టాను. హైవే మీద మోరంపూడి దాటాక సత్తిబాబు గారని ఒకాయన షాపు ఉంది. బండ్లకు కావలసిన అదనపు హంగులన్నీ అక్కడ బిగిస్తారు. సస్పెన్షన్ మార్పించి బండిని రెండంగుళాలు ఎత్తు చేయించాను. బురదలో పట్టు దొరికే గరుకు టైర్లు వేయించాను. ఇంజనుకు కింద నుంచి రాళ్ళు తగలకుండా ఇనుప పలక పెట్టించాను. ఎత్తుకు ముప్పై వేల పైచిలుకు, టైర్లకు ఇంకొంచెం ఎక్కువే అయింది. ముందు భాగంలో పెద్ద ఇనుప గార్డు కావాలంటే ఆయనే వద్దన్నారు. అది నిషేధమట, పైగా గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగులు సరిగా తెరుచుకోకపోవచ్చట. బండి మీద లైట్ల వరస నేనే వద్దన్నాను, ఎదురొచ్చేవాళ్ళ కళ్ళు పోతాయి. ఒక్క దగ్గర మాత్రం మా ఇద్దరికీ కుదరలేదు. తలుపుల కింద కాలు పెట్టి ఎక్కడానికి మెట్లుంటాయి కదా, వాటిని తీసెయ్యమన్నాను.

“ఉంచుకోండి మేడం, ఎక్కడానికి సుఖంగా ఉంటుంది” అన్నారాయన.

“చెరువు గట్ల మీద తగులుతాయి సత్తిబాబు గారూ. నేను ఎగిరి ఎక్కగలను, తీసెయ్యండి.”

“మీ ఇష్టమండి. పారెయ్యనులెండి, గోనెసంచిలో చుట్టి ఉంచుతాను.”

నేను చూసిన వీడియోల్లో అసలైన ఆఫ్‌రోడ్ బండి దేనికీ మెట్లు లేవు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక బండిని చర్చి ముందు నిలబెట్టి, మెట్లు తీయించిన సంగతితో సహా అన్నీ గొప్పగా వివరించాను. నలుగురూ చుట్టూ తిరిగి చూసి మెచ్చుకున్నారు. నాకు అందరికంటే దగ్గరి స్నేహితురాలు రత్నం తలుపు తెరిచి, లోపలికి తొంగి చూసి, “చీర నలుగుతుందే, ఇంకోసారి ఎక్కుతాను” అని మూసేసింది. ఆ తరవాత ఒక్కొక్కరే జారుకున్నారు. ఒకామెకు మనవడి పరీక్షలు, ఇంకొకామెకు షుగరు, మరొకామె ‘చూద్దాం లెండి’. రత్నం ఒక్కతే వస్తానంది.

ఈ సంగతి చెబితే సత్తిబాబు గారు ఇంకో దారి చూపించారు. వెనక సీటు మడిచి, ముందు ఎడమ సీటు తీసేస్తే ఆరడుగుల మంచం పడుతుంది, కింద సొరుగులు వస్తాయి, ఎక్కడైనా ఆపుకుని పడుకోవచ్చు, పాతిక వేలలో అయిపోతుంది. “కానీ వెల్డింగ్ పడ్డాక మళ్ళీ మార్చడం కష్టమండి. రేపొక రోజు తిరిగి రండి, ఎల్లుండి పొద్దున్న ఏ మాటా చెప్పండి” అన్నారు. మంచం మాట బాగానే ఉంది. కానీ ఆ సీటు తీయించడమంటే నాతో ఇక ఎవరూ రారని ఒప్పుకోవడమే. అదే నాకు మింగుడు పడలేదు.

మర్నాడు ఉదయం అయిదున్నరకు రత్నం ఇంటికి వెళ్ళబోతూ తాళాలు తీసుకుంటుంటే ఫోన్ మోగింది. “సుశీలా, రాత్రే చుట్టాలు దిగారే, ఏం అనుకోకు. వచ్చే వారం తప్పకుండా” అంది. ఫర్వాలేదన్నాను. నేనూ ఇక్కడి మనిషినే కదా, నాకూ ‘బాధగా ఉంది’ అనడం రాదు.

ఆరింటికి ఒక్కదాన్నే బయల్దేరాను. కడియపులంక నర్సరీల్లో అప్పుడే నీళ్ళు పడుతున్నారు. రావులపాలెంలో ఆగి ఇడ్లీ తిని, కొత్తపేట, పి.గన్నవరం మీదుగా తాటిపాక, రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి దాటుకుంటూ అంతర్వేది చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. రాజమండ్రి నుంచి నూరు కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. రోడ్డు మొత్తం బాగానే ఉంది గానీ ఊళ్ళ మధ్య ఇరుకు, తొందరపడకండి. నవంబరు నెల కాబట్టి కోతలు సాగుతున్నాయి, అక్కడక్కడా రోడ్డు మీదే ధాన్యం ఆరబోశారు. కొబ్బరితోటల మధ్య దారి ఎంత అందంగా ఉందో చెప్పాలని రెండు మూడు సార్లు నోరు తెరిచి, మూసుకున్నాను.

సముద్రపుటొడ్డు ఇసుకలోకి మాత్రం బండి దింపలేదు, మీరూ దింపకండి. తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరం అది. సరుగుడు తోటల వెనక, చేపల చెరువుల పక్క నుంచి గోదావరి పాయ దాకా వెళ్ళే మట్టి దారి పట్టుకున్నాను. ముందురోజు వాన పడినట్టుంది. పైకి ఎండినట్టు కనిపించిన చోట ముందు చక్రాలు బంకమట్టిలో దిగిపోయాయి. గరుకు టైర్లు ఆ మట్టిని పూసుకుని నున్నగా గుండ్లలా తయారయ్యాయి. వేలు పోసి కొన్నవి ఇలా చేస్తాయని వీడియోల్లో ఎవరూ చెప్పలేదు. చుట్టుపక్కల మనిషి జాడ లేదు. చివరికి, మూడు వేలు పెట్టి మొక్కుబడిగా కొన్న ప్లాస్టిక్ పలకలు తీశాను. చక్రాల ముందు మట్టి చేత్తోనే తోడి, పలకలు దూర్చి, తక్కువ గేరులో మెల్లగా పోనిస్తే, మూడో ప్రయత్నానికి బండి మూలుగుతూ పైకొచ్చింది. సంతోషం పట్టలేక “చూశావా!” అని గట్టిగా అరిచి పక్కకు తిరిగాను. ఖాళీ సీటు. నాకేమో మోచేతుల దాకా బురద. ఇరుక్కున్నప్పుడు వెయ్యని భయం, బయటపడ్డాక వేసింది. ఇక మీదట నాకు ఏ మంచి జరిగినా ఇలాగే చూసేవాళ్ళు లేకుండా జరుగుతుందని అనిపించింది.

పన్నెండున్నరకు ఊళ్ళోకి వచ్చి, పార్వతి గారని ఒకావిడ తాటాకు పాకలో నడిపే భోజనాల దగ్గర ఆగాను. చేపల పులుసుతో భోజనం నూటయాభై. నేను కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి నీళ్ళు పోస్తూ ఆవిడ అడిగింది.

“ఒక్కరే వచ్చారాండి?”

పొద్దుటి నుంచి టిఫిన్ దగ్గర, పెట్రోలు బంకులో, కొబ్బరి బోండాల బండి దగ్గర అదే ప్రశ్న. ఈసారి ఇక నావల్ల కాలేదు. “లేదండి, నలుగురు వెనకాల వస్తున్నారు” అనేశాను.

“అలాగాండి! అయితే వాళ్ళ ముక్కలు తీసి పక్కన పెడతాను. ఒంటిగంట దాటితే పులుసు మిగలదండి” అని నిజంగానే నాలుగు గిన్నెల్లోకి తీసి మూత పెట్టింది. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. నాది మరీ ఎక్కువగా అతికింది. తరవాత బైక్ మీద వచ్చిన ఇద్దరు చేపల పులుసు అడిగితే, “లేదండి, ఉన్నది ఆవిడగారి వాళ్ళది” అని నన్ను చూపించింది. వాళ్ళు గోంగూర పచ్చడితో సరిపెట్టుకున్నారు. ఆ పులుసు రుచిగా ఉందనే గుర్తు, కానీ వాళ్ళ వైపు చూడకుండా తిన్నాను. ఇప్పుడు నిజం చెప్పే ధైర్యం లేక, తిన్నాక కూడా చాలాసేపు రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.

“ఇంకా రాలేదేంటండి మీవాళ్ళు?” అంది పార్వతి గారు.

“వాళ్ళకి ఆలస్యమవుతుందటండి. కట్టి ఇచ్చెయ్యండి, తీసుకెళ్ళి పెడతాను.”

నాలుగు భోజనాలూ పెద్ద సంచిలో సర్ది, పైన రెండు బోండాలు ఆవిడే ఊరికే పెట్టి, బండి దాకా మోసుకొచ్చింది. పక్క సీటులోకి అందించబోతూ మునివేళ్ళ మీద లేచి, “అబ్బో, ఇంతెత్తు బండేంటండీ! మా అత్తగారికైతే నిచ్చెన వెయ్యాలి” అని నవ్వింది. నేనూ నవ్వాను.

తిరుగు ప్రయాణం వేరే దారిన పెట్టుకున్నాను. సఖినేటిపల్లి రేవులో పంటు మీద బండిని గోదావరి దాటించి, నరసాపురం వైపు దిగి వెళ్ళడం. పంటు అంటే మనుషుల్నీ బండ్లనీ కలిపి దాటించే బల్లకట్టు. కారుకు తీసుకునేది పెద్ద మొత్తమేమీ కాదు, కానీ గోదావరి పోటుగా ఉన్న రోజుల్లో నడపరు, ముందే కనుక్కోండి. రేవుకి బయల్దేరగానే బండి కూత మొదలుపెట్టింది. సంచీ బరువుకి పక్క సీటులో ఎవరో కూర్చున్నారనుకుని బెల్టు పెట్టమని గోల చేస్తోంది. ఆ కూత ఆపడానికి, బెల్టు దూర్చే చోట గుచ్చే ఉత్తి బకిల్స్ అమ్ముతారు, అవి మాత్రం కొనకండి, ప్రాణాలతో చెలగాటం. బండి అలా కూత పెడుతుండగానే రేవులో వేసిన పలకల మీదుగా పంటు ఎక్కించాను. అందరూ ఇటే చూస్తున్నారు. టికెట్టు కోసే ఆయన కిటికీలోంచి తొంగి చూశాడు.

“లోపలెవరూ లేరు కదండీ, మరెందుకండీ ఆ కూత?”

“భోజనాలండి” అన్నాను.

“పెట్టెయ్యండి బెల్టు. మనిషనుకుంటుంది పాపం.”

సంచీకి బెల్టు పెట్టాను. కూత ఆగిపోయింది. పంటు కదిలింది. నది మధ్యకొచ్చేసరికి నాకు ఏడుపొచ్చింది. నా పక్కన ఎవరో ఉన్నారని ఆ రోజంతటికీ నమ్మింది ఈ బండి ఒక్కటే. సత్తిబాబు గారికి ఫోన్ చేసి సీటు తీసెయ్యమందామని ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. లైను కలవలేదు.

నరసాపురం నుంచి పాలకొల్లు, మార్టేరు, పెనుగొండ మీదుగా సిద్ధాంతం దగ్గర హైవే ఎక్కి, రావులపాలెం మీదుగా రాజమండ్రి చేరేసరికి దీపాలు పెట్టారు. నాలుగు భోజనాలు నేనేం చేసుకోను? రత్నం ఇంటికి చుట్టాలొచ్చారుగా, వాళ్ళకి పనికొస్తాయని అటు పోనిచ్చాను. తలుపు తీసిన రత్నం నన్ను చూసి బిక్కచచ్చిపోయింది. హాల్లో టీవీ మోగుతోంది. బల్ల మీద ఒకే ఒక కంచం, అందులో పెరుగన్నం.

“చుట్టాలేరే?” అన్నాను.

“చుట్టాలెవరూ రాలేదే సుశీలా.”

“మరి నాకెందుకలా చెప్పావు?” సంచీని బల్ల మీద విసురుగా పెట్టాను. “నాతో రావడం ఇష్టం లేకపోతే ఆ మాటే చెప్పొచ్చుగా?”

రత్నం కుర్చీలో కూలబడి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంది. “ఇవి నా మాట వినడం లేదే. ఆ ఆదివారం చర్చి ముందు కాలెత్తితే సగం కూడా లేవలేదు. అందరూ చూస్తున్నారు. చీరని అబద్ధమాడాను. అంత ముచ్చటపడి ఎత్తు చేయించుకున్నావు, నీ బండి నేనెక్కలేనని ఏ మొహంతో చెప్పను?”

“చెబితే మెట్లు పెట్టించేదాన్ని కదా!”

“మెట్లు తీయించానని నువ్వే గొప్పగా చెప్పావు కదే” అంది.

“ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతానందట, నా యాత్ర అంతే” అని తనే నవ్వేసి, కళ్ళు తుడుచుకుని, సంచీ విప్పింది. పులుసు చల్లారి ఇంకా బాగుంది. తిన్నంత తిని, మిగతాది ఫ్రిజ్‌లో పెట్టాం. తరవాత వంటింట్లోని ఎత్తు పీట తెచ్చి బండి పక్కన వేశాను. ఒక చేత్తో తలుపు, ఇంకో చేత్తో నా భుజం పట్టుకుని, “ప్రభువా” అనుకుంటూ రత్నం ఎక్కి కూర్చుంది. ఏసీ కోసం తాళం తిప్పగానే బండి కూత పెట్టింది.

“ఏంటే ఈ గోల?”

“బెల్టు పెట్టుకోమంటోంది.”

“నాకు రాదు, నువ్వే పెట్టు” అంది. పెట్టాను.

మర్నాడు సత్తిబాబు గారు గోనెసంచి విప్పి ఆ పాత మెట్లే మళ్ళీ బిగించారు. సీటు ఉంది. అలాగని రోజులేమీ మారిపోలేదు. మిగతా ముగ్గురూ ఎందుకు రాలేదో నాకింకా తెలియదు, కారణం మోకాళ్ళు కాకపోవచ్చు, నేనే కావచ్చు. రత్నానికి బాగున్న రోజులూ తక్కువే, చాలాసార్లు నేను ఒక్కదాన్నే వెళుతున్నాను. ఇప్పుడు మాత్రం ఎవరైనా ‘ఒక్కరే వచ్చారాండి’ అంటే అవునంటున్నాను. ఎవరూ రారని ఊరికే తేల్చేసుకోవడం కంటే, ఎందుకు రాలేదని ఒకసారి ఇంటికెళ్ళి అడగడం మేలని నాకు ఆ చల్లారిన పులుసు దగ్గర తెలిసింది.

మీరూ బండికి ఏవైనా బిగించే ఆలోచనలో ఉంటే ఒక్క మాట. సీటు తీయించేటప్పుడు, ఎత్తు పెంచేటప్పుడు ఆర్టీవో ఆఫీసులోనూ ఇన్సూరెన్సు వాళ్ళనీ ఎలాగూ అడగాలి. దానికంటే ముందు, మీతో రావాల్సినవాళ్ళను షాపుకి తీసుకెళ్ళి, ఎవరూ చూడకుండా, ఒకసారి ఎక్కి దిగమనండి.