మిల్లోడి కోట తలుపు

మా ముత్తాత గుర్రం మీద నంద్యాల కోర్టుకు పోతే జిల్లా మునసబే వరండాలోకి వచ్చి పలకరించేవాడట. మా జేజినాయన కాలంలో, పారువేటకు బయలుదేరిన అహోబిలం స్వామి పల్లకి మా ఇంటి ముందు దిగందే ఆళ్ళగడ్డ దాటేది కాదు. నేను చదువుకునే రోజుల్లో, అంటే ఎనభైల మొదట్లో, మా ఇంట్లో ఇలాంటి సంగతులే మిగిలి ఉండేవి. (సంగతులను ఎవరూ కొనరు గనక.)

నంద్యాలలో డిగ్రీ చదువుతూ, అద్దె పుస్తకాల అంగడి నుంచి అట్టలు చిరిగిన ఇంగ్లీషు నవలలు తెచ్చుకునేవాణ్ణి. మంత్రగాళ్ళు, గనులు తవ్వే పొట్టివాళ్ళు, నిధి మీద నిద్రపోతూ, లేస్తే నిప్పు కక్కే రెక్కల పాములు. వాటిలో చాలావరకు రాజ్యం పోయిన వంశంలో చివరివాడొకడు చింకిబట్టలతో తిరిగి తిరిగి, ఆఖరి అధ్యాయంలో సింహాసనం ఎక్కేవాడు. అందరూ కాలక్షేపానికి చదివితే, నేను మా ఇంటికి రాబోయే మంచిరోజుల గురించి ముందే అచ్చయిన వార్తగా చదివాను.

ఆ ఎండాకాలం సెలవులకు మా అత్త కొడుకు, బెంగుళూరులో ఇంజనీరింగు చదివే బావ, హాస్టల్లో నేర్చుకున్న ఆటొకటి తెచ్చాడు. "ఇట్లాంటి నవలలు చదివి తిక్క పట్టినోళ్ళే కట్టినారప్పా దీన్ని. పుస్తకంలో వీరున్ని రాసినోడు నడిపిస్తాడు. ఈడ నువ్వే నడవల్ల. నోటితో చెప్పల్ల, ఒంటితో చెయ్యల్ల" అన్నాడు. కథ చెప్పేది బావ. మన తెగువ ఫలిస్తుందో లేదో తేల్చేది ఇరవై ముఖాల పాచిక. అది హాస్టల్లోనే ఉండిపోయింది గనక ఇత్తడి చెంబులో ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు రాసిన చీటీలు వేశాం. పెద్ద అంకె వస్తే గెలుపు. చచ్చినవాడికి మళ్ళీ ఎండాకాలం దాకా ఆట లేదు. నేను రాజ్యం పోయిన వారసుణ్ణి (ఇంకేం కోరుకుంటాను?). పన్నెండేళ్ళ మా చెల్లెలు మంత్రగత్తె. పాణ్యం నుంచి వచ్చిన నా కాలేజీ మిత్రుడు బక్కోడు విలుకాడు.

మిద్దె మీది గదిలో రోజూ ఆడాం. గుహలో నిధి దొరికింది, పాము లేచింది. మేం పరుగెత్తి ఒక కోట ఇనుప తలుపు దగ్గరికి చేరాం. సరిగ్గా అప్పుడు మిల్లోడు మెట్లెక్కి వచ్చాడు. వాడి నాయనకు ఊళ్ళో వడ్ల మిల్లు ఉంది. బావ వాడికి కోటదొర వేషం ఇచ్చాడు. గదిలో ఇంకేమీ లేక వాడు మా జేజినాయన పడక కుర్చీలో కూర్చున్నాడు. "మోకాళ్ళ మీద కూచోని, 'దొరా, కాపాడు' అంటే తెరుస్తా" అన్నాడు నవ్వుతూ.

"మా వంశంలో ఎవరూ మోకాళ్ళు వంచలేదు" అన్నాను.

"ఆ వంశంలో నేనూ ఉండా గదన్నా! నన్ను పాము తింటాంది!" అని అరిచింది చెల్లెలు.

నేను వినలేదు. కత్తితో తలుపు పగలగొడతానన్నాను. పదిహేను దాటాలన్నాడు బావ. చెంబులో చెయ్యి పెట్టి తీస్తే, మూడు. కత్తి విరిగింది.

"పాము ఊపిరి మీ వీపులకు తగులుతాంది" అన్నాడు బావ గొంతు తగ్గించి. "ఇంకొక్క మాట చెప్పు. అది తప్పయితే ముగ్గురూ బూడిదే."

బక్కోడు పళ్ళు కొరికాడు. "ఎండాకాలమంతా ఏం జేద్దాం రా? నీ మీసం చూసుకుంటా కూచుందామా?"

"మొక్కన్నా! మిల్లోనికి మొక్కు!" చెల్లెలి కేక ఇల్లంతా వినిపించింది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఎన్నడూ మిద్దె ఎక్కని నాయన గుమ్మంలో నిలబడ్డాడు. మిల్లోడు కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

"ఎవరు, ఎవరికి మొక్కల్ల?"

బావ తడబడుతూ పాము, తలుపు, దొర, అన్నీ చెప్పాడు. నాయన చెంబును తంతాడనుకున్నాను. ఆయన పంచాయితీలో ఫిర్యాదు విన్నట్టు చివరిదాకా విన్నాడు. తర్వాత మిల్లోడితో, "కూచో అప్పా. తలుపు నీది గదా" అన్నాడు. వాడు కుర్చీ అంచున కూర్చున్నాడు.

"నీ వెనక ఎంతమంది ఉండారు?" అని నన్నడిగాడు.

"ఇద్దరు నాయనా."

"మరి ఏంది చూస్తాండావ్? నిలబడి బూడిదైతే, బూడిదకు వంశముంటాదా? వంగు. బేగా. నాకు కింద పనుంది."

వంగాను. గచ్చు మోకాళ్ళకు గట్టిగా తగిలింది. 'దొరా' అనే మాట గొంతులోంచి సగమే బయటికి వచ్చింది. మిల్లోడు మిగతా సగం విననేలేదు. "తెరిచినా, తెరిచినా! లెయ్ అన్నా, నీకు పుణ్యముంటాది!" అని చేతులు జోడించాడు. చెల్లెలు గంతులేసింది. ముగ్గురం బతికాం. తిరిగి చూస్తే గుమ్మంలో నాయన లేడు.

ఆ వారసుడు సింహాసనం దాకా చేరలేదు. మరుసటేడు బావకు ఉద్యోగం వచ్చి ఆట ఆగిపోయింది. ఆ వారసుడు ఇంకా ఆ కోటలోనే ఎక్కడో మీసం దువ్వుకుంటూ ఉంటాడనుకుని నవ్వుకుంటాను. ఇప్పుడు నా మోకాళ్ళు వంగమన్నా వంగవు. అభిమానం కాదు, అరుగుదల అంటాడు డాక్టరు.

ఆ సాయంత్రం కింద వసారాలో నాయన కోసం ఎదురుచూస్తూ కూర్చున్నది మిల్లోడి నాయన. కేసీ కాలువ కింద మాకు మిగిలిన మాగాణి అంతా ఆ రోజే ఆయనకు అమ్మేశాం.